ఢిల్లీ ప్రసంగం, పుట్టి లెక్క: నెల్లూరు, ప్రకాశంలో జనస్పందనను చదివే పద్ధతి

ప్రధాని రాత్రి 8 గంటలకు టీవీలో మాట్లాడితే తెల్లవారేసరికి జిల్లా పేజీలో హర్షమో, ఆగ్రహమో, పెదవి విరుపో ఏదో ఒకటి శీర్షికగా కనిపిస్తుంది. కింద ఉన్న పేర్లు చూస్తే సంగతి అర్థమవుతుంది. ఒక పార్టీ జిల్లా అధ్యక్షుడు, ఇంకో పార్టీ కార్యదర్శి, వర్తక సంఘం ప్రతినిధి, రైతు సంఘం నాయకుడు. ప్రసంగం అయ్యేసరికి ఎనిమిదిన్నర, పేజీ మూసేది పది లోపు. ఆ గంటన్నరలో ఫోన్‌కు దొరికేది నాయకులే. ఏం చెప్పాలో వాళ్లు చాలావరకు ముందే అనుకుని ఉంటారు. అనుకూలురు స్వాగతిస్తారు, వ్యతిరేకులు ఖండిస్తారు, వర్తక సంఘం ఆచితూచి మాట్లాడుతుంది. అది పార్టీల స్పందన. దానికి జనస్పందన అని పేరు పెట్టడం చదివేవాళ్లకు చేసే అన్యాయం. జనం స్పందన ఆలస్యంగా వస్తుంది, వేరే చోట వస్తుంది, చాలాసార్లు మాటలో కన్నా పనిలో ముందు కనిపిస్తుంది.

దీన్ని గమనించడానికి ఉమ్మడి నెల్లూరు, ప్రకాశం జిల్లాలకు మించిన చోటు దొరకడం కష్టం. తీరం పొడవునా రొయ్యల గుంటలు. పెన్నా కింద వరి కయ్యలు. చీమకుర్తిలో గెలాక్సీ గ్రానైట్. ఒంగోలు, టంగుటూరు, కందుకూరు, పొదిలి చుట్టూ పొగాకు వేలం కేంద్రాలు. ఉదయగిరి నుంచి కనిగిరి, మార్కాపురం, గిద్దలూరు దాకా నీటి కోసం ఎదురుచూసే మెట్ట. ఢిల్లీలో పలికిన ఒకే వాక్యం ఈ ఐదు చోట్లా ఐదు లెక్కల్లో పడుతుంది. ఆ లెక్కలు తెలియకుండా సెంటర్లో నలుగురి ముందు మైకు పెడితే దొరికేది మాటలే.

అసలు విన్నదెవరు

స్పందన అడిగేముందు తేల్చుకోవాల్సింది ఇదే. ప్రధాని ప్రసంగం హిందీలో సాగుతుంది. తెలుగు చానళ్లు పక్కనుంచి అనువాదం చదువుతాయి. వక్త వేగంగా వెళ్తున్నప్పుడు అనువాదకులు ముందుగా వదిలేసేవి అంకెలూ షరతులే. ‘ఫలానా తేదీ నుంచి’, ‘ఫలానా వారికి మాత్రమే’ అన్న ముక్కలు జారిపోయి, ‘అందరికీ, వెంటనే’ అన్న భావం మిగులుతుంది. మర్నాడు వచ్చే అసంతృప్తిలో కొంత ఆ జారిపోయిన ముక్కల వల్ల పుట్టిందే.

రెండో విషయం వేళ. రాత్రి ఎనిమిదంటే చాలా ఇళ్లలో ఆడవాళ్లు వంటగదిలో ఉండే సమయం. ఎర్రకోట ప్రసంగం పొద్దున వస్తుంది. అప్పటికి చాలామంది కూలీలు పనికి వెళ్లిపోయి ఉంటారు. అంటే ప్రసంగాన్ని నేరుగా, పూర్తిగా విన్నవాళ్లు ఎప్పుడూ తక్కువే. 2025 ఆగస్టు 15న ఎర్రకోట మీద ప్రధాని 103 నిమిషాలు మాట్లాడారు. వాట్సాప్‌లో తిరిగే తునక ముప్ఫై సెకన్లు. ఆ తునకను ఎవరు కోశారన్నదాన్ని బట్టి ఊరి అభిప్రాయం మారుతుంది. అందుకే ‘ప్రసంగం ఎలా ఉంది?’ అనడానికి ముందు ‘ఎక్కడ విన్నారు, ఎంతసేపు విన్నారు?’ అని అడగాలి. వినలేదని చెప్పినవాళ్ల అభిప్రాయాన్ని పారేయకూడదు, విడిగా రాసుకోవాలి. అది ప్రసంగం మీద స్పందన కాదు, ప్రసంగం గురించి ఇంకొకరు చెప్పినదాని మీద స్పందన. ఈ రెండూ కలిపేస్తే పని మొదట్లోనే చెడుతుంది.

తునక నిజమా కాదా అని తేల్చడానికి పెద్ద పరికరాలేవీ అక్కర్లేదు. ప్రసంగం పూర్తి వీడియో దూరదర్శన్, ప్రధాని కార్యాలయం చానళ్లలో ఉంటుంది. పత్రికా సమాచార కార్యాలయం పూర్తి పాఠాన్ని హిందీలో ఇస్తుంది, తెలుగు అనువాదమూ పెడుతుంది. తునకలోని వాక్యానికి ముందు రెండు నిమిషాలు, తర్వాత రెండు నిమిషాలు వింటే చాలు. ‘అయితే’, ‘ఒకవేళ’ అన్న మాటల దగ్గర కోత పడిందేమో చూడాలి. ఎక్కువ మోసం అక్కడే జరుగుతుంది.

పాఠాన్ని విడగొట్టడం

పూర్తి పాఠం చేతికొచ్చాక ప్రతి పేరా పక్కన ఒక గుర్తు పెట్టాలి. ఇది కొత్త ప్రకటనా? పాత పథకాన్ని మళ్లీ చెప్పడమా? జనానికి విజ్ఞప్తా? భరోసా మాటా? ఎదుటి పక్షం మీద విమర్శా? అలా గుర్తులు పెట్టి చూస్తే పెద్ద ప్రసంగాల్లో కూడా కొత్త ప్రకటనలు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే ఉంటాయి. అదే ఎర్రకోట ప్రసంగంలో తొలి ఉద్యోగం పొందిన యువతకు 15,000 రూపాయలిచ్చే పథకం చాలామందికి కొత్తగా వినిపించింది. కేంద్ర మంత్రివర్గం దాన్ని జూలై మొదట్లోనే ఆమోదించింది. దీపావళికి జీఎస్టీ తగ్గిస్తామన్నది అసలైన కొత్త కబురు. రైతులకు, మత్స్యకారులకు, పశుపోషకులకు హాని చేసే ఏ విధానానికైనా తాను గోడలా అడ్డు నిలబడతానన్నది భరోసా.

ఆ భరోసా మాట మీద నెల్లూరు తీరంలో వచ్చే స్పందనను అర్థం చేసుకోవాలంటే ఆ రోజుల తేదీలు దగ్గర పెట్టుకోవాలి. మన రొయ్యకు అతిపెద్ద కొనుగోలుదారు అమెరికా. 2025 ఆగస్టు 7 నుంచి అక్కడ 25 శాతం సుంకం పడింది. ఇంకో 25 శాతం ఆగస్టు 27 నుంచి పడుతుందని ముందే ప్రకటించారు. అంతకుముందు నుంచి ఉన్న సుంకాలు కూడా కలిపితే రొయ్య మీద భారం 58 శాతం దాటింది. ప్రసంగం సరిగ్గా ఆ రెండు తేదీల మధ్య వచ్చింది. వనామీ రకం రొయ్య పంట మూడు, నాలుగు నెలలది. జూన్‌లో సీడు, అంటే రొయ్య పిల్లలు, వదిలిన రైతుకు ఆగస్టు 15 నాటికి సరుకు నీళ్లలోనే ఉంది, మేత అప్పు నడుస్తోంది. అంతకుముందే పట్టుబడి చేసి, అంటే రొయ్యలు పట్టి అమ్మేసి, డబ్బు తీసుకున్న రైతు గుంట ఆరబెట్టుకుంటున్నాడు. ఇద్దరూ ఒకే ఊరివాళ్లు, ఒకే పార్టీ వాళ్లు కూడా కావచ్చు. మొదటివాడు గోడ సంగతి అడగడు, వంద కౌంటు (కిలోకు వంద తూగే రొయ్య) ధర ఎంత పలుకుతుందని అడుగుతాడు. రెండోవాడు దేశం తలవంచకూడదంటాడు. రెండూ నిజమైన స్పందనలే. ‘ఆక్వా రైతులు స్వాగతించారు’ అనో ‘మండిపడ్డారు’ అనో ఒక్క వాక్యంలో రాస్తే ఇద్దరికీ న్యాయం జరగదు. గుంటలో సరుకు ఎన్ని రోజులదని అడిగిన తర్వాతే అభిప్రాయం అడగాలి.

అంకె ఊరికి చేరితే

ఢిల్లీ క్వింటాలులో మాట్లాడుతుంది. నెల్లూరు పుట్టిలో వింటుంది. పుట్టి అంటే 850 కిలోలు. 2025-26కు సాధారణ రకం వరి మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు, గ్రేడ్ ఏ రకానికి 2,389. ఈ అంకెలను 8.5తో గుణిస్తే పుట్టికి సుమారు 20,137, 20,307 రూపాయలు వస్తాయి. రైతు మనసులో నిలిచేది ఈ పుట్టి అంకె. క్వింటాలుకు 69 రూపాయలు పెంచామని ఎవరైనా వేదిక మీద చెబితే అది పుట్టికి 586 రూపాయల పైచిలుకు. ఆ పెంపును రైతు మిల్లు దగ్గర జరిగేదానితో పోల్చుకుంటాడు. ప్రభుత్వ కొనుగోలుకు తేమ 17 శాతం మించకూడదు. యంత్రంతో కోసిన పచ్చి ధాన్యం ఆ హద్దులో ఉండటం అరుదు. ఆరబెట్టడానికి కల్లం లేకపోయినా, వాన మబ్బు కనిపించినా వ్యాపారి చెప్పిన ధరకే ఇవ్వాలి. పుట్టికి అదనంగా కిలోలు అడుగుతున్నారన్న ఫిర్యాదు కోతల కాలంలో ఏటా వినిపిస్తూనే ఉంటుంది. కాబట్టి మద్దతు ధర ప్రసంగం మీద కోవూరు రైతు ముక్తసరిగా ‘బాగానే ఉంది’ అంటే దాన్ని ఆమోదంగా రాసుకోకూడదు. ‘పోయిన కారులో (పంటలో) పుట్టి ఎంతకు అమ్మారు?’ అన్న ఒక్క ప్రశ్న అసలు స్పందనను బయటికి తెస్తుంది.

జీఎస్టీ విషయంలో ఈ దూరం ఇంకా బాగా కనిపించింది. 2025 సెప్టెంబరు 21 ఆదివారం సాయంత్రం ప్రధాని జాతినుద్దేశించి మాట్లాడారు. మర్నాడు, నవరాత్రి మొదటి రోజు నుంచి కొత్త రేట్లు అమల్లోకి వచ్చాయి. 12, 28 శాతం శ్లాబులు ఎత్తేసి చాలా వస్తువులను 5, 18 శాతాల్లోకి తెచ్చారు. 28 నుంచి 18కి అంటే ధర పది శాతం తగ్గుతుందని వినేవాళ్లు సహజంగానే అనుకుంటారు. తగ్గేది అంత కాదు. పన్నుతో కలిపి లక్ష రూపాయలున్న బైకు అసలు ధర 78,125. దాని మీద 18 శాతం వేస్తే 92,187. తగ్గింది 7,813, అంటే 7.8 శాతం. 350 సీసీ లోపు బైకులన్నిటికీ, సిమెంటుకూ ఇదే లెక్క. అసలు ధర 300 అనుకుంటే సిమెంటు బస్తా 384 నుంచి 354కు రావాలి. 12 నుంచి 5కు వచ్చిన ట్రాక్టరు ఎనిమిది లక్షలదైతే తగ్గాల్సింది 50,000. ఈ లెక్క ముందే చెప్పి ఉంటే, పది వేలు తగ్గాల్సింది ఎనిమిది వేలే తగ్గించారని షోరూము వాడి మీద కోపం వచ్చేది కాదు.

కిరాణా కొట్టులో కథ వేరు. ఐదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్ మీద తగ్గింపు పైసల్లోనే ఉంటుంది. ధర తగ్గించకపోతే గ్రాముల రూపంలో లోపల పెరగాలి, దాన్ని తూకం వేసి చూసేవాళ్లు లేరు. షాపులో పాత సరుకు మీద పాత ఎంఆర్‌పీయే ఉంటుంది. ఊళ్లో చిన్న కొట్టు కాంపోజిషన్ పద్ధతిలో (మొత్తం అమ్మకాల మీద ఒకే చిన్న శాతం పన్ను కట్టే పద్ధతి) ఉంటే బిల్లులో పన్ను విడిగా చూపించడానికే వీల్లేదు, కాబట్టి తగ్గిందో లేదో కొనేవాడికి తెలిసే దారి లేదు. విడి పాల మీద ముందు నుంచీ పన్ను లేదు. సున్నాకు తెచ్చింది ఎక్కువ కాలం నిల్వ ఉండే ప్యాకింగ్ పాల మీద. అందుకే పాలకేంద్రం దగ్గర పాల ధర ఎందుకు తగ్గలేదన్న ప్రశ్న వస్తుంది, అడిగినవాళ్లది తప్పు కాదు. పండగ మొదటి వారంలో బైకుల షోరూము దగ్గర స్పందన అడిగితే సంతోషం, కిరాణా కొట్టు దగ్గర అడిగితే అనుమానం దొరుకుతాయి. ఒక చోటే అడిగి జిల్లా మొత్తానికి అంటగట్టిన కథనాలు రెండు రకాలవీ తప్పే.

చీమకుర్తిలో గ్రానైట్ బ్లాకుల మీద పన్ను 12 నుంచి 5కు తగ్గింది. పాలిష్ చేసిన స్లాబుల మీద 18 అలాగే ఉంది. బ్లాకు కొనే ఫ్యాక్టరీ కట్టిన పన్నును ఎలాగూ తర్వాత సర్దుబాటు చేసుకుంటుంది. దానికి మిగిలేది తక్కువ పెట్టుబడి ఇరుక్కోవడం అనే మేలు, ఆదాయం కాదు. ఇంటికి రాయి వేయించుకునేవాడికి తేడా దాదాపు లేదు. కాబట్టి ‘గ్రానైట్‌కు ఊరట’ అన్న శీర్షిక ఎవరికి ఊరటో చెప్పకపోతే సగం సమాచారమే.

పెద్ద అంకెలది మరో రకం చిక్కు. 2020 మే 12న ప్రధాని 20 లక్షల కోట్ల ప్యాకేజీ ప్రకటించారు. ఆ రాత్రే ఫోన్లలో భాగహారం మొదలైంది. 130 కోట్ల జనాభాతో భాగిస్తే తలకు 15,384 రూపాయలు. మర్నాటి నుంచి ఐదు రోజులపాటు ఆర్థిక మంత్రి వివరాలు చెబుతుంటే అందులో చిన్న పరిశ్రమలకు హామీ రుణాలు 3 లక్షల కోట్లనీ, రిజర్వు బ్యాంకు అంతకుముందే తీసుకున్న చర్యలు కూడా కలిపారనీ తేలింది. అప్పు ఇప్పించడం, చేతికి డబ్బివ్వడం ఒకటి కాదు. నిరాశ ఆ రెండింటి మధ్య ఉన్న దూరంలోంచి పుట్టింది. ఇలాంటి అంకె వినగానే ఇది బడ్జెట్ ఖర్చా, రుణమా, హామీయా, ఎన్నేళ్లకు అని నాలుగు ప్రశ్నలు వేయాలి. జవాబు దొరికే వరకు ఎవరినీ స్పందన అడగకపోవడమే మంచిది.

మాట కంటే ముందు కాళ్లు కదిలిన రాత్రులు

కొన్ని ప్రసంగాలకు స్పందన అడగనక్కర్లేదు, వీధిలో కనిపిస్తుంది. 2016 నవంబరు 8 రాత్రి 500, 1000 నోట్ల రద్దు అలాంటిది. అది నెల్లూరులో నాట్ల కాలం మొదలయ్యే వేళ. కూలి మేస్త్రీలకు ఇవ్వాల్సిన డబ్బు ఐదువందల నోట్లలోనే ఉంది. బ్యాంకులో మార్చుకోవడానికి పరిమితి మొదట 4,000, ఏటీఎంలో రోజుకు 2,000. కొత్త రెండువేల నోటు కొలత వేరు కావడంతో ఏటీఎంలన్నిటినీ సరిచేయాల్సి వచ్చింది. నవంబరు 14 నుంచి జిల్లా సహకార కేంద్ర బ్యాంకులు పాత నోట్లు తీసుకోకూడదన్నారు. సహకార సంఘంలో ఖాతా ఉన్న రైతుకు అది ప్రసంగం కన్నా పెద్ద దెబ్బ. పంట రుణం ఉన్నవాళ్లు వారానికి 25,000 తీసుకోవచ్చని, ప్రభుత్వ కేంద్రాల్లో విత్తనాలకు పాత ఐదువందల నోటు చెల్లుతుందని తర్వాత సడలింపులు వచ్చాయి.

ఆ రోజుల్లో వరుసలో నిలబడినవాళ్లు చాలామంది నల్లడబ్బు పోతుందంటే కష్టం భరిస్తామనే అన్నారు. సాయంత్రానికి డబ్బు దొరక్క తిట్టుకున్నదీ వాళ్లే. సర్వే చేసేవాళ్లకు ఇది పరస్పర విరుద్ధంగా అనిపిస్తుంది. అందులో విరుద్ధం ఏమీ లేదు. ఉద్దేశం మీద అభిప్రాయం, అమలు మీద అభిప్రాయం రెండు వేరు ప్రశ్నలు. ఒకే ప్రశ్నగా అడిగితే జవాబు ఏ పూట అడిగారన్నదాన్ని బట్టి వస్తుంది. రద్దయిన నోట్లలో 99 శాతానికి పైగా బ్యాంకులకు తిరిగొచ్చాయని రిజర్వు బ్యాంకు 2018లో చెప్పింది. ఉద్దేశం మీద ఉన్న అభిప్రాయం మారే అవకాశం నిజానికి అప్పుడు వచ్చింది. రెండేళ్ల తర్వాత మళ్లీ వెళ్లి అడిగినవాళ్లు చాలా తక్కువ.

2020 మార్చి 24 రాత్రి లాక్‌డౌన్ ప్రసంగం కూడా అంతే. రాష్ట్రంలో తొలి కరోనా కేసు అదే నెల 12న నెల్లూరులో బయటపడింది, కాబట్టి ఇక్కడి జనానికి భయం కొత్త కాదు. నాలుగు గంటల్లో అంతా మూతపడుతుందని వినగానే కిరాణా కొట్ల ముందు గుంపులు చేరాయి. అవసరమైన సరుకులు దొరుకుతాయన్న భరోసా జనం చెవికి చేరకముందే భయం చేరింది. మార్చి ఆఖరు నెల్లూరు వరికోతల కాలం. వ్యవసాయ పనులకు, ధాన్యం కొనుగోలుకు మినహాయింపు ఉత్తర్వు మార్చి 27న వచ్చింది. చేపల వేటకు, ఆక్వాకు ఏప్రిల్ 10న వచ్చింది. ఆ మధ్య రోజుల్లో మేత లారీ రాక, ఐస్ దొరక్క రొయ్యల రైతు పడిన ఆందోళనను ప్రసంగం మీద వ్యతిరేకతగా రాస్తే పొరపాటు. అది ఉత్తర్వు ఆలస్యం మీద కోపం. ప్రసంగం తేదీ, ఉత్తర్వు తేదీ, ఊళ్లో అమలైన తేదీ పక్కపక్కన రాసుకుంటే ఏ కోపం దేనిమీదో తేలుతుంది.

చెప్పని మాటకూ స్పందన ఉంటుంది

ఈ జిల్లాల్లో కేంద్ర నాయకుల ప్రసంగం వినే తీరును 2014 మార్చేసింది. ఆ ఏడాది ఫిబ్రవరి 20న రాజ్యసభలో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ అయిదేళ్ల ప్రత్యేక హోదా ప్రకటన చేశారు. పదేళ్లు కావాలని నెల్లూరు జిల్లా చవటపాలెంలో పుట్టిన వెంకయ్యనాయుడు సభలో అడిగారు. ఆ మాట విభజన చట్టంలో చేరలేదు. 2015 అక్టోబరు 22న అమరావతి శంకుస్థాపనకు ప్రధాని మోదీ పార్లమెంటు ఆవరణ మట్టి, యమునా జలం తెచ్చారు. హోదా మాట ఎత్తలేదు. ఆ రోజు స్పందన ప్రసంగంలో ఉన్నదాని మీద కాదు, లేనిదాని మీద వచ్చింది. 2016 సెప్టెంబరులో హోదాకు బదులు ప్రత్యేక సాయం అన్నారు.

దీన్నుంచి జనం నేర్చుకున్నది, నోటిమాట చాలదు, కాగితం మీద ఉండాలని. అయితే కాగితం మీద ఉన్నదీ జరగని ఉదాహరణ ఇక్కడే ఉంది. విభజన చట్టం పదమూడో షెడ్యూలులో దుగరాజపట్నం వద్ద పెద్ద పోర్టు కడతామనీ, మొదటి దశ 2018 ఆఖరుకు పూర్తవుతుందనీ రాశారు. పులికాట్ సరస్సు, శ్రీహరికోట దగ్గరగా ఉండటం వంటి అడ్డంకులతో అది కదల్లేదు. తర్వాత రామాయపట్నం ముందుకొచ్చింది, దానికి 2019లో ఒకసారి, 2022లో ఒకసారి శంకుస్థాపన జరిగింది. పశ్చిమ ప్రకాశంలో మెట్టకు నీళ్లు తేవాల్సిన వెలిగొండ ప్రాజెక్టు సొరంగాల మాట ఎన్ని వేదికల మీద వినిపించిందో అక్కడివాళ్లకు లెక్కే లేదు. మార్కాపురం సెంటర్లో కొత్త హామీకి చప్పట్లు కొట్టకుండా ఊరుకున్నవాడిని ఉదాసీనుడని రాయకూడదు. అతను పాత హామీ సంగతి అడుగుతున్నాడు. అందుకే ప్రసంగానికి ముందురోజే ఈ ప్రాంతం ఎదురుచూస్తున్న విషయాల పట్టిక రాసుకుని, ప్రసంగం అయ్యాక ఏవి వచ్చాయో ఏవి రాలేదో గుర్తు పెట్టాలి. ఈ ముందస్తు పని లేకపోతే మౌనానికి వచ్చిన స్పందన కంటికి ఆనదు.

ఇది కొత్త అలవాటేమీ కాదు. పొట్టి శ్రీరాములు ప్రాణత్యాగం చేసిన నాలుగు రోజులకు, 1952 డిసెంబరు 19న, నెహ్రూ లోక్‌సభలో ఆంధ్ర రాష్ట్ర ఏర్పాటు ప్రకటించారు, మద్రాసు నగరం మినహా అన్నారు. ఒకే ప్రకటనలోని మొదటి సగానికి సంతోషం, రెండో సగానికి వేదన. మద్రాసుతో చదువు, వ్యాపారం, బంధుత్వం అన్నీ ముడిపడ్డ నెల్లూరుకు ఆ రెండో సగం ఎంత బరువో చెప్పనక్కర్లేదు.

సభ అయితే చప్పట్లు, ఎకరాలు

బహిరంగ సభకు వచ్చిన జనం సంఖ్య గురించి ఎవరి మాటా నమ్మక్కర్లేదు, కొలవొచ్చు. ఎకరం 43,560 చదరపు అడుగులు. వదులుగా నిలబడితే మనిషికి పది చదరపు అడుగులు, అంటే ఎకరానికి 4,350 మంది. భుజం భుజం తగిలేలా నిలబడితే నాలుగున్నర అడుగులు, అంటే ఎకరానికి 9,680. కుర్చీలు వేస్తే, మధ్యలో బారికేడ్ల దారులు వదిలితే వదులు లెక్క కంటే కూడా తగ్గుతుంది. పదెకరాల మైదానంలో ఐదు లక్షలమంది అన్న ప్రకటన సాధ్యం కాదని ఇంటి దగ్గర కూర్చునే చెప్పొచ్చు. బస్సుల లెక్క ఇంకో ఆధారం. బస్సుకు యాభై చొప్పున వెయ్యి బస్సులంటే యాభై వేలు. ఆ బస్సుల్లో వచ్చినవాళ్ల సంఖ్య జన సమీకరణ శక్తికి కొలత, ప్రసంగానికి వచ్చిన ఆదరణకు కాదు. ఆదరణ తెలియాలంటే ప్రసంగం సగంలో వెనక వరుసలు చూడాలి. బస్సుల దగ్గరికి ఎప్పుడు నడక మొదలైందో గడియారం చూసి రాసుకోవాలి.

చప్పట్లలోనూ ఒక ఆనవాలు ఉంది. అనువాదకుడు ఉన్న సభలో జనం తెలుగు వాక్యం విన్నాక చప్పట్లు కొట్టాలి. హిందీ వాక్యం పూర్తవగానే ముందు వరుసల్లో మోగితే అవి ఎక్కువగా కార్యకర్తలవి. తెలుగు తర్వాత వెనక నుంచి వస్తే అవి మాట చేరిన చప్పట్లు. మైకు చెడితే ఈ లెక్కలన్నీ తారుమారవుతాయి. 2024 మార్చి 17న చిలకలూరిపేట బొప్పూడి సభలో మైకు పదేపదే ఆగింది, లైటు టవర్లు ఎక్కినవాళ్లను దిగమని ప్రధానే చెప్పాల్సి వచ్చింది. అలాంటి చోట నిశ్శబ్దాన్ని నిరాసక్తిగా రాస్తే తప్పు.

అడిగే పద్ధతి, చెడే చోట్లు

నెల్లూరు ట్రంకురోడ్డు, ఒంగోలు కర్నూలు రోడ్డు మీద దొరికిన పదిమందితో జిల్లా అభిప్రాయం రాదు. యాదృచ్ఛికంగా ఎంచుకున్న వందమందిని అడిగితే లెక్కలో పది శాతం అటూ ఇటూ తేడా ఉంటుంది. నాలుగు వందల మందైతే అయిదు శాతం. సెంటర్లో నిలబడి నాలుగు వేలమందిని అడిగినా ఈ భరోసా రాదు, ఎందుకంటే సెంటర్‌కు రానివాళ్లు ఆ లెక్కలో లేనే లేరు. చిన్న పత్రిక చేయగలిగిన పని ఒకటుంది. తీరం, డెల్టా, మెట్ట, క్వారీ, పట్టణం అని ఐదు చోట్లు తీసుకుని, ఒక్కోచోట పన్నెండు మందిని, అందులో సగం ఆడవాళ్లను, ఇంటింటికీ ఐదిళ్లు వదిలి ఒక ఇల్లు చొప్పున అడగాలి. అరవై మందితో శాతాలు ప్రకటించకూడదు. కారణాలు మాత్రం నమ్మకంగా రాయొచ్చు, చదివేవాళ్లకు కావాల్సిందీ అవే.

ప్రశ్న మెత్తగా ఉంటే జవాబూ మెత్తగానే వస్తుంది. ఏం విన్నారు, అందులో మీ పనికి తగిలేది ఏది, దానివల్ల ఈ వారం ఏమైనా మార్చుకున్నారా అని అడగాలి. మార్చుకోవడం అన్నది అసలు కొలత. సీడు వదలడం వాయిదా వేశాడా, బైకు కొనడం పండగ దాకా ఆపాడా, పొగాకు బేళ్లు వేలానికి తేకుండా పట్టి ఉంచాడా అన్నది అభిప్రాయం కన్నా గట్టి సాక్ష్యం.

పక్కన ఎవరున్నారన్నది చాలా ముఖ్యం. పింఛను, రేషను, ఇంటి స్థలం వంటివి అందుకునేవాళ్లు ఊరి నాయకుడి ముందు నిజం చెప్పరు. చెబితే పేరు తీసేస్తారన్న భయం ఉంటుంది, ఆ భయాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. రచ్చబండ దగ్గర మొదట మాట్లాడినవాడి మాటే మిగతావాళ్లూ అంటారు. పొదుపు సంఘం సమావేశం ముగిశాక, ఆడవాళ్లు ఇద్దరిద్దరుగా ఇంటికి వెళ్లేటప్పుడు అడిగితే వేరే జవాబు వస్తుంది. ఫొటో, పేరు, ఊరు మూడూ వేస్తామంటే జవాబు మారుతుంది, కాబట్టి వేయమని ముందే చెప్పి, ఆ మాట నిలబెట్టుకోవాలి.

ఎవరు ఇచ్చారన్న విషయంలో గందరగోళం కూడా స్పందనలో భాగమే. 2025 ఆగస్టు 2న ప్రధాని వారణాసిలో పీఎం కిసాన్ 2,000 రూపాయలు విడుదల చేస్తే, అదే రోజు ముఖ్యమంత్రి చంద్రబాబు దర్శి మండలం తూర్పు వీరాయపాలెంలో అన్నదాత సుఖీభవ 5,000 విడుదల చేశారు. రైతు ఖాతా లెక్కలో అది ఏడు వేలు. ఆ ఏడు వేలకు కృతజ్ఞత ఢిల్లీకా, అమరావతికా అని అడిగితే వచ్చే జవాబుకు ఆ రోజు ఏ ప్రసంగం చూశారన్నదే ఆధారం. సందేశం ఏ పేరుతో వచ్చిందో ఫోన్ తీసి చూపించమని అడిగి రాసుకోవడం మేలు. కౌలు రైతును అడిగితే జవాబు మళ్లీ వేరు, పీఎం కిసాన్ భూమి సొంతదారుకే వస్తుంది.

ఇక ఓట్లు. ప్రసంగానికి, ఫలితానికి నేరుగా గీత గీయడం ఈ జిల్లాల్లో ఎప్పుడూ పనిచేయలేదు. 2019లో దేశమంతా గాలి వీచిన పార్టీకి ఆంధ్రప్రదేశ్‌లో నోటా కన్నా తక్కువ ఓట్లొచ్చాయి. అదే ఏడు ఉమ్మడి నెల్లూరులోని పది అసెంబ్లీ స్థానాలూ వైఎస్సార్ కాంగ్రెస్ గెలిచింది. 2024లో ఆ పదీ తెలుగుదేశానికి వెళ్లాయి. ఉమ్మడి ప్రకాశంలో పన్నెండింట దర్శి, యర్రగొండపాలెం మాత్రమే వైఎస్సార్ కాంగ్రెస్‌కు మిగిలాయి. ఈ తిరుగుళ్లకు కారణాలు రాష్ట్రంలో, ఊళ్లో వెతకాలి. ఢిల్లీ ప్రసంగానికి స్పందన కొలవాలంటే ఓటు పెట్టె కన్నా బ్యాంకు కౌంటరు, మిల్లు కాటా, షోరూము బిల్లు నమ్మదగ్గ సాక్షులు.

అందువల్ల ఒకే జాబితాలోని మనుషుల దగ్గరికే మూడుసార్లు వెళ్లాలి. ప్రసంగం మర్నాడు ఒకసారి, ఉత్తర్వు వచ్చిన పదో రోజున ఒకసారి, ఒక పంటకాలం గడిచాక ఒకసారి. మూడోసారి వెళ్లేటప్పుడు మొదటిసారి వాళ్లన్న మాట చదివి వినిపించి, ఇప్పుడూ అదేనా అని అడగాలి. వరి రైతుకైతే మూడోసారి వెళ్లాల్సింది ధాన్యం డబ్బు ఖాతాలో పడ్డాక, రొయ్యల రైతుకైతే పట్టుబడి అయిన వారంలో. ఈ మూడో పర్యటనకు డబ్బూ మనిషీ కేటాయించని పత్రిక మొదటి రోజు సేకరించినదాన్ని ‘నాయకుల స్పందన’ అనే పేరుతోనే వేయాలి.